ఆకాశం సరే, పెరుగు సంగతేమిటి?

ఆత్మకు చావు లేదని నాకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం పొద్దున నా నెత్తి మీదే చెప్పారు. నాగారంలో మేం అద్దెకున్న ఇంటి యజమాని పై అంతస్తు హాల్లో వేదాంతం క్లాసు నడిపేవాడు. ముందు కుర్చీలు జరిపిన చప్పుడు, తర్వాత ఓంకారం, ఆ తర్వాత మైకు. పట్టుమని పాతిక మంది లేని హాల్లో మైకెందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. ‘నడిపేవారు’ అనాలి, పెద్దవాళ్ళను అలా అనకూడదు అని అమ్మ ఉంటే మందలించేది. అమ్మ లేదు కాబట్టి నడిపేవాడు అనే రాస్తాను.

నేను తుర్కపల్లిలో మందుల ల్యాబులో పనిచేస్తాను. వారంలో ఆరు రోజులు కంపెనీ క్యాబు, శామీర్‌పేట మీదుగా పోవడం, శామీర్‌పేట మీదుగా రావడం. ఆ ఒక్క ఆదివారమైనా నన్ను పడుకోనివ్వమని పైకెళ్ళి అడుగుతానంటే అమ్మ వెళ్ళనిచ్చేది కాదు. పెళ్ళెందుకు చేసుకోలేదని మీరడగబోతున్నట్టయితే, అది అడగడానికి ఆ కాలనీలో వీధికి నలుగురున్నారు, మీరు కూడా ఎందుకు? నేనూ అమ్మా ఉండేవాళ్ళం. తమ్ముడు విశాఖపట్నంలో ఉద్యోగం. నాన్న పోయి చాలా ఏళ్ళయింది.

ఇంటాయన మా జిల్లావాడే. పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అనేది, ఆయన అమ్మను చెల్లెమ్మా అనేవాడు. క్లాసులో ముందు వరుస అమ్మదే. ముందుగా వెళ్ళి హాలు ఊడ్చి జంపఖానా పరిచేది కూడా అమ్మే, ఆ సంగతి వేరు. కిందికొచ్చి ఆ రోజు పాఠం నాకు టిఫినుతో పాటు వడ్డించేది. ఈ దేహం అద్దె కొంప అట, అందులో ఉన్నవాడు ఖాళీ చేసి ఇంకో ఇంటికి పోతాడు తప్ప వాడికి చావు లేదట. ఓనరు అద్దె కొంప గురించి చెబుతుంటే అద్దెకున్నదానివి నువ్వు కూర్చుని వింటున్నావా అని నేను వేళాకోళం చేస్తే, నోరు మూసుకుని ఇడ్లీ తినవే అనేది.

ఒక ఆదివారం కుండ పాఠం చెప్పాడు. కుండలో ఆకాశం ఉంటుంది, బయటా ఆకాశమే ఉంటుంది. కుండ పగిలితే లోపలి ఆకాశం చచ్చిపోదు, ఎక్కడికీ పోదు, ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది. ఆత్మ కూడా అంతే. అందరూ తలలూపారు. మా అమ్మ లేచి, అన్నయ్యగారూ, ఆకాశం సరే, కుండలో పెరుగు తోడేసి ఉంటే ఆ పెరుగు సంగతేమిటండీ అని అడిగింది. హాలంతా నవ్వారు. మైకులో ఆయన నవ్వు కూడా కిందికి వినిపించింది. మంచి ప్రశ్న చెల్లెమ్మా అని మెచ్చుకుని, తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయాడు.

అమ్మ సరదాకి అడగలేదు. పెరుగంటే ఆమెకు అంత పట్టింపు. ఊళ్ళో ఇల్లు తీసేసి నా దగ్గరకు వచ్చేసిన రోజు, రైల్లో స్టీలు డబ్బా ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నగలేమో అనుకున్నాను. తీరా చూస్తే తోడు. వాళ్ళమ్మ దగ్గర్నుంచి అత్తారింటికి తెచ్చుకుని, ఏనాడూ తెగకుండా ఏరోజుకారోజు పాలల్లో వేస్తూ వచ్చిన తోడు. శామీర్‌పేట రోడ్డు పక్కన కుండలమ్మే చోట ఆటో ఆపించి బేరమాడి మరీ నాతో ఒక మట్టికుండ కొనిపించింది. ఎదురింటి ఆవిడ దగ్గర గేదె పాలు పోయించుకునేది. ఆ ఎదురింటివాళ్ళు అక్కడివాళ్ళే. కాలనీ పడక ముందు ఆ నేలంతా వాళ్ళు సాగు చేసుకున్నదే. ఇప్పుడు మేడ కట్టుకుని మేడ వెనక రెండు గేదెలను కట్టేసుకున్నారు. ఆవిడ పాలిచ్చేది, అమ్మ అప్పుడప్పుడూ ఆవిడకి తోడిచ్చేది. మీ అమ్మ తోడేత్తె పెరుగు కత్తితోని కోయొచ్చు బిడ్డా అని ఆవిడ నాతో అంటుండేది.

అమ్మకు గుండె నీరసించి ఆసుపత్రిలో చేర్చాక, ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని ఒకే ఒక్కటి అడిగింది. నేను పోతే ఇటునుంచి ఇటే పంపించెయ్యకు, ఇంటికి తీసుకెళ్ళి మన గడప ముందు, నా నందివర్ధనం చెట్టు దగ్గర, నాలుగు చెంబుల నీళ్ళు పోయించి అప్పుడు పంపించు అంది. ఏడుపు ఆపుకోవడానికి నేను వెటకారం చేశాను. మూడేళ్ళు క్లాసుకెళ్ళావు, ఆత్మకి స్నానమెందుకమ్మా అన్నాను.

“ఆత్మకి అక్కర్లేదే. నాకు కావాలి” అంది.

తెల్లవారుజామున పోయింది. విశాఖ నుంచి తమ్ముడు రావడానికి మధ్యాహ్నం దాటుతుంది. అంతవరకూ అమ్మను ఇంట్లో పడుకోబెట్టి, అమ్మ అడిగినట్టే చేద్దామని అంబులెన్సులో బయల్దేరాం. దారిలో ఇంటాయనకి ఫోన్ చేసి చెప్పాను, క్లాసువాళ్ళకి కబురు పెడతారని. అయ్యో చెల్లెమ్మా అన్నాడు. నిజంగానే గొంతు వణికింది. అది కూడా రాయాలి.

మేం వెళ్ళేసరికి గేటుకి తాళం ఉంది. ఏడు గంటలకల్లా ఎప్పుడూ బార్లా తీసి ఉండే గేటు. ఆయన లోపలివైపు నిలబడి ఉన్నాడు, చేతిలో పంచాంగం, ముక్కు మీద కళ్ళద్దాలు. నా మొహం చూడకుండా పుస్తకం వైపు చూస్తూ చెప్పాడు.

“ధనిష్ఠా పంచకం నడుస్తోందమ్మా. లోపలికి తెస్తే ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి. పైన మేం కాపురముంటున్నాం కదా.”

ఆ పంచకం సంగతి నాకు తెలియనిది కాదు. కొన్ని నక్షత్రాల్లో మనిషి పోతే ఆ ఇంటికి దోషమని, నెలల తరబడి తాళం పెట్టి వెళ్ళిపోవడం మావైపూ ఉంది, ఇక్కడా ఉంది. కానీ అమ్మ పోయింది ఆసుపత్రిలో. దోషమంటే ఆసుపత్రికే గదా, వెళ్ళి దాన్ని ఆరు నెలలు మూయించండి అన్నాను. గట్టిగానే అన్నాను. అంబులెన్సు డ్రైవరు దిగి, సార్ ఒక్క గంట పెట్టుకోనియ్యండ్రి, ఆడబిడ్డ గదా అని బతిమాలాడు. మార్చురీలో పెట్టించండి, తమ్ముడొచ్చాక నేరుగా శ్మశానానికే తీసుకెళ్దాం, అంతా నేను దగ్గరుండి చూస్తాను అని ఆయన సలహా ఇచ్చాడు. వాళ్ళ మనవడి పుట్టినరోజుకి కారప్పూస వండి పెట్టిన మనిషి గురించి మాట్లాడుతున్నాడు. తనకి కాలు నొప్పి అంటే నువ్వుల నూనె కాచి పంపిన మనిషి గురించి. ఆ మనిషిని పట్టుకుని మార్చురీ అంటున్నాడు.

తాళం పగలగొట్టాలనిపించింది. పగలగొట్టి ఉండాల్సింది కూడా. గేటు పట్టుకుని ఊపితే ఊడొస్తుందేమో అని ఊపాను. ఆ చప్పుడుకి వీధంతా బయటికొచ్చింది. ఎదురింటావిడ పాలచేతుల్తో వచ్చి సంగతి విని, గేటు అవతలికి ఒకసారి చూసి, తన గేటు రెండు రెక్కలూ తెరిచింది.

“ఇటు తేండ్రి బిడ్డా. మా ఇంట్ల పండవెట్టుండ్రి. అమ్మను రోడ్డు మీద ఉంచుడేంది?”

ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. అయినా వద్దన్నాను. అమ్మ అడిగింది తన గడప. గడప దాకా పోనివ్వకపోతే గేటు దాకా. వీధి ఎవరి పేర్న లేదు కదా. అంబులెన్సులోంచి అమ్మను దింపించి, సరిగ్గా ఆ గేటు ముందు, తల దక్షిణం పెట్టి, రోడ్డు మీదే పడుకోబెట్టించాను. ఎదురింటివాళ్ళ అబ్బాయిలు పరదా కట్టారు. నీళ్ళెక్కడివని ఎవరో అడిగితే, గేటు మూస్తె మూసిండు, నీళ్ళు నేనిస్త అని ఆవిడ గేదెల్ని కడిగే పైపు రోడ్డు దాటించి లాగింది. ఆవిడా నేనూ ఇంకో ఇద్దరూ కలిసి, చీరలు అడ్డం పట్టుకుని, అమ్మకు నీళ్ళు పోశాం. రోడ్డు మీద. మోటారు సైకిళ్ళవాళ్ళు దిగి నడిపించుకుంటూ పోయారు. నా బతుకులో అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఏడుపు కూడా రాలేదు, అది వచ్చే దారంతా కోపమే నిండిపోయింది.

మధ్యలో గోడ మీదుగా ఒక పళ్ళెం వచ్చింది. ఇంటాయన భార్య. నందివర్ధనాలు కోసి గోడ అవతలినుంచి చేతులెత్తి పట్టుకుంది. అమ్మ చెట్టు పువ్వులే. తీసుకున్నాను. ఆమె కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆమె మీద కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. తాళంచెవులు ఆ ఇంట్లో మేకుకే కదా వేలాడేది.

మధ్యాహ్నం అయ్యేసరికి క్లాసువాళ్ళంతా వచ్చారు. వాళ్ళను చూశాక ఇంటాయన గేటు ఒక మనిషి పట్టేంత తీసుకుని బయటికొచ్చి, వెనక మళ్ళీ మూశాడు. అమ్మకు దూరంగా నిలబడి నమస్కారం పెట్టాడు. క్లాసంతా ఎదురుగా ఉంటే ఆయనకి ఊరుకోబుద్ధి కాలేదు. మైకు లేకపోయినా మొదలుపెట్టాడు. మనం దుఃఖించకూడదు, ఇది దేహం మాత్రమే, చెల్లెమ్మ ఉత్తమ సాధకురాలు, కుండ పగిలింది, ఆకాశం ఎక్కడికీ పోలేదు, ఆమె ఎక్కడికీ పోలేదు అన్నాడు.

“ఎక్కడికీ పోనిదాన్ని చూసి గేటెందుకు వేశారండీ?” అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. క్లాసులోవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇప్పుడవన్నీ ఎందుకమ్మా అని ఒకాయన నా భుజం తట్టబోతే చెయ్యి తోసేశాను. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? దేహం మాత్రమే అయితే భయమెందుకు? ఆత్మకి చావే లేకపోతే ఇక్కడ ఎవరు పోయారని నక్షత్రం చూశారు? ఇన్నేళ్ళూ చెప్పినదాంట్లో ఒక్క ముక్క తనే నమ్మి ఉంటే ఆ గేటు తెరుచుకునేది. తమ్ముడొచ్చాడు, అంతటితో ఆగిపోయింది.

ఆడవాళ్ళు రాకూడదన్నారు, శ్మశానానికి వెళ్ళాను. తమ్ముడు భుజాన కుండ పెట్టుకుని చితి చుట్టూ తిరిగాడు. కుండకు చిల్లులు పెట్టారు, నీళ్ళు కారాయి, చివరకు వెనక్కి వదిలేశాడు, పగిలింది. నేను ఆకాశం వైపు చూడలేదు. నీళ్ళ వైపే చూశాను. నేలలోకి ఇంకిపోయాయి. ఎప్పటికీ చావని ఆ ఆత్మ ఉంటే ఉండవచ్చు, నాకు దానితో పేచీ లేదు. కానీ అది నాకెప్పుడూ జడ వెయ్యలేదు. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వెయ్యలేదు. వేసిన చేతులు కాలిపోతుంటే, చెయ్యీ నుదురూ లేని ఒకటేదో క్షేమంగా ఉందని చెప్పడం ఏం ఓదార్పు?

తిరిగొచ్చేసరికి గేటు తీసి ఉంది. నాకు తీశారు. నేను బతికే ఉన్నాను కదా. గేటు పక్కన కాలవ గట్టున మా వంటింట్లోవన్నీ పడున్నాయి. మంచినీళ్ళ బిందె బోర్లా, అన్నం గిన్నె, కూర గిన్నె, ఊరగాయ జాడీ. మైల అని మా వాటాని తమ దగ్గరున్న రెండో తాళంచెవితో తీసి పనామె చేత బయట పెట్టించేశారట. శవం రానేలేదు, మైల మాత్రం వచ్చిందన్నమాట. అన్నిటికన్నా చివర శామీర్‌పేట కుండ మూడు ముక్కలై ఉంది. అమ్మను చేర్చినప్పట్నుంచి నేనే తోడేస్తున్న పెరుగు కాలవలోకి కారిపోయింది. అప్పుడు కూర్చున్నాను. అమ్మను పడుకోబెట్టిన చోటే, ఆ తడి రోడ్డు మీద కూర్చుని అప్పుడు ఏడ్చాను. తమ్ముడు పాపం అమ్మ కోసం అనుకున్నాడు. అమ్మ కోసమే. పెరుగు కోసం కూడా. కోపం కూడా అందులోనే ఉంది. విడదీసి చెప్పడం నావల్ల కాదు.

మూడోనాడు ఎదురింటావిడ మూతపెట్టిన గిన్నె ఒకటి తెచ్చింది. అన్నం, పప్పు కూడా తెచ్చిందిగానీ ముందు ఆ గిన్నె నా చేతిలో పెట్టింది.

“గిది మీ అమ్మదే బిడ్డా. దవాఖానకు పోకముందు నాకు తోడిచ్చింది గదా. గప్పటి సంది దాంతోనే ఏస్తున్న.”

మూత తీశాను. కత్తితో కోయొచ్చు. వేలితో కొంచెం నోట్లో వేసుకున్నాను. అదే పులుపు.

కర్మకాండ ఆ ఇంట్లో చెయ్యనివ్వలేదు, శామీర్‌పేట చెరువు దగ్గర చేశాం. అయినా వెంటనే ఖాళీ చెయ్యలేకపోయాను. ఉద్యోగం, క్యాబు, ఇల్లు దొరకొద్దూ. నెల దాటాక ఒక ఆదివారం పైన కుర్చీలు మామూలుకంటే ఎక్కువ జరిగాయి. చెల్లెమ్మ స్మృతిలో ప్రత్యేక పాఠమట, నన్నూ రమ్మని కబురు. వెళ్ళాను. హాల్లో ఎదురుగా బల్ల మీద అమ్మ ఫోటో, నిలువెత్తు దండ, దీపం. కార్తీకమాసంలో క్లాసంతా వనభోజనాలకి వెళ్ళినప్పుడు తీసిన ఫోటో, పెద్దది చేయించారు. అమ్మ నవ్వుతోంది. పెరుగు ప్రశ్న వేసిన మొహం.

ఆయన మైకు సవరించుకుంటుండగా నేను ముందుకెళ్ళి దండ తీసి పక్కన పెట్టి ఫోటో చంకలో పెట్టుకున్నాను. ఏమ్మా, ఏమైందమ్మా అన్నాడు.

“ఇవాళ నక్షత్రం చూసుకున్నారా అంకుల్? అమ్మను లోపలికి తెచ్చేశారు” అన్నాను.

మైకు ఆన్‌లోనే ఉంది. కింద వీధిలోకి కూడా వినబడిందని తర్వాత ఎదురింటావిడ చెప్పింది. సంతోషించాను.

ఇక ఇళ్ళవేట. అద్దె ఎంత, నీళ్ళెలా, బండి ఎక్కడ పెట్టుకోవాలి అని అందరూ అడిగేవి నేను తర్వాత అడిగేదాన్ని. ముందు ఒక్కటే అడిగేదాన్ని. ఈ ఇంట్లో ఉండగా ఎవరైనా పోతే లోపలికి తెచ్చుకోనిస్తారా? నాగారంలో ఒకాయన పొద్దున్నే ఈ మాటలేమిటమ్మా అని ఇల్లు చూపించడానికి తెరిచిన తలుపు మళ్ళీ వేసేశాడు. ఒకావిడ ఇంట్లో ఎవరికి బాగోలేదని అనుమానంగా అడిగింది. మేడ్చల్‌లో ఒక ఇంటాయన, కొత్త మేడ, గుమ్మాలకి ఇంకా పసుపు ఆరలేదు, ఒక్కదాన్నే ఉంటానన్నావు కదా, మరెవరిని తెస్తావు అన్నాడు. నన్నేనండీ అన్నాను. ఆయన భార్య నన్ను గేటు దాకా సాగనంపి, నేను అటు తిరగ్గానే గుమ్మంలో నీళ్ళు చల్లింది. బ్రోకరు నాతో తిరగడం మానేశాడు. మేడమ్, గా ముచ్చట తీయకుండ్రి, ఇల్లు నేనిప్పిస్త అని బతిమాలాడు. ఆ ముచ్చట కోసమే ఇల్లు చూస్తున్నానని అతనికి చెప్పలేకపోయాను.

చివరికి రావల్కోల్‌లో, మక్కజొన్న చేలు దాటాక ఒక ఇల్లు. స్లాబు కింద ముందు గది, వెనక వంటిల్లు, ఓనరు పక్క వాటాలో. వ్యవసాయం చేసుకునే ముసలాయన. నా ప్రశ్న విని తలగుడ్డ తీసి దులుపుకుని, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూశాడు.

“ఇల్లన్నంక ఇంట్లకు తేకుంట ఇంకేడికి తీస్కపోతరు బిడ్డా?”

తర్వాత నన్ను ముందు గదిలోకి తీసుకెళ్ళి గోడ చూపించాడు. వాళ్ళ నాయిన్ను ఆ గోడ పొంటే, అంటే గోడ వారనే, పండబెట్టారట, అవ్వను కూడా అక్కడేనట, భయమైతే ఇప్పుడే చెప్పమన్నాడు, అడ్వాన్సు ఇచ్చినంక పంచాయితీ వద్దన్నాడు. భయం లేదన్నాను. అలా అని ఆయనేమీ దేవుడు కాదు. మోటారు పొద్దున ఒక్కసారే వేస్తాడు, దాని గురించి వారానికోసారైనా మేం గొడవ పడతాం. ఆత్మ మాట మాత్రం ఎత్తగా వినలేదు.

సామాను దింపిన రోజు ఫోటో ఆఖర్న తీశాను. అన్నీ లోపల సర్దాక, దాన్ని గడప మీద నిలబెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చుకుని, తడిగుడ్డతో అమ్మ మొహం, మెడ, చేతులు తుడిచాను. మెల్లిగా, తొందర లేకుండా. ఎవరూ గేటు వెయ్యలేదు, ఎవరూ పంచాంగం తియ్యలేదు. ముసలాయన చుట్ట కాల్చుకుంటూ చూసి, తుడుసుకో బిడ్డా, దుమ్ము మస్తుంటది ఈడ అన్నాడు. అప్పుడు లోపలికి తీసుకెళ్ళి ఆ గోడ పొంట పెట్టాను.

కోపం తగ్గలేదు. తగ్గించుకోమని చెప్పేవాళ్ళంటే ఇప్పటికీ మండుతుంది. ఆ సాయంత్రం కొత్త కుండలో పాలు పోసి, ఎదురింటావిడ దగ్గర్నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన తోడు వేశాను. ఇది ఆత్మేనా అంటే నాగారం ఇంటాయన చచ్చినా ఒప్పుకోడు. తెల్లారి లేచి మూత తీసి, కుండ ఫోటో ముందుకు తెచ్చి చూపించాను. పెరుగు సంగతి అడిగింది ఆమే కదా. తోడుకుందమ్మా, అన్నాను.